మునిగినందుకు మిగిలింది

(మా చరిత్ర మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ సభలో మాట్లాడాలని కబురు వచ్చినప్పుడు ముందు జంకాను. తర్వాత మాస్టారు పాఠం చెప్పే తీరు గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నాను. బందరులో ఆయన మాకు చరిత్ర చెప్పిన రోజుల్లో పుస్తకం లేకుండా క్లాసుకు వచ్చేవారు గాని, చేతిలో ఏదో ఒక వస్తువు లేకుండా వచ్చేవారు కాదు. ఒకరోజు తుప్పు పట్టిన తాళం చెవి, ఇంకోరోజు పగిలిన పింగాణీ ముక్క. దాన్ని బల్ల మీద పెట్టి, ఇది ఎంత చేస్తుందని అడిగేవారు. తోచిన ధర చెప్పేవాళ్ళం. ఇది ఎవరెవరి చేతుల మీదుగా ఇక్కడికి వచ్చిందని అడిగేవారు. అప్పుడు అందరం నేలచూపులు చూసేవాళ్ళం. ఆ రెండో ప్రశ్న దగ్గర్నుంచే ఆయన పాఠం మొదలయ్యేది.

ఇవాళ నేనూ ఒక వస్తువును మీ ముందు పెడతాను. అది నా చేతిలో లేదు, కాబట్టి మాటలతోనే చూపించాలి. అది వెండి ధూపపాత్ర. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న అమెరికాలో తయారై, స్పెయిన్ వెళ్ళే ఓడ ఎక్కి, దారిలో సముద్రంలో మునిగి, వందల ఏళ్ళ తర్వాత పైకి వచ్చిన సామాను కోవలోది.

ధూపపాత్ర అంటే మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆదివారం తలంటు అయ్యాక అమ్మ పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తీసి మూకుట్లో వేసి, చిటికెడు సాంబ్రాణి పొడి చల్లేది. మూకుడు మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద అక్క జుట్టు పరిచి ఆరబెట్టేది. పొగ బుట్ట సందుల్లోంచి వచ్చి జుట్టు పాయల్లో దూరేది. ఆ ఏర్పాటును ఒక్కసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. అడుగున నిప్పు, మధ్యలో సుగంధం, పైన చిల్లులున్న మూత. మన మూకుడు, బుట్ట కలిపి వెండిలో పోత పోస్తే వలస కాలపు ధూపపాత్ర అవుతుంది. స్పానిష్ భాషలో దాన్ని సావుమదోర్ అంటారు. నిప్పులకు ఒక గిన్నె ఉంటుంది. పొగ బయటికి పోవడానికి చిల్లులు కొట్టిన మూత ఉంటుంది. వేడికి బల్ల కమలకుండా, బూడిద రాలకుండా చాలావాటికి అడుగున పళ్ళెం కూడా ఉంటుంది.

చర్చిలో వాడే ధూపపాత్ర వేరు. దాన్ని గొలుసులతో పట్టుకుని ఊపుతారు. ఇంట్లోది బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. పెరూ, మెక్సికోల్లో కలిగిన ఇళ్ళవాళ్ళు దీన్ని గదులకూ, దుప్పట్లకూ, బట్టలకూ సువాసన పట్టించడానికి వాడేవారు. చెడ్డగాలి వల్లే రోగాలు వస్తాయని ఆ కాలంలో నమ్మేవారు కనుక ధూపం మందు కూడా. పోను పోను కంసాలులకు ఈ పాత్ర మీద సరదా పుట్టింది. జింక, సింహం, టర్కీ కోడి ఆకారాల్లో చేయడం మొదలుపెట్టారు. వీపు మీద చిల్లులుంటాయి, కడుపులో నిప్పులుంటాయి. పెరూలో ఇప్పుడు అయకూచో అంటున్న వమాంగ పట్టణంలో ఈ జంతువులను సన్నని వెండి తీగతో అల్లేవారు. కరీంనగర్ వెండి తీగ పని చూసినవాళ్ళకు ఆ పనితనం వెంటనే బోధపడుతుంది. వెండిని తీగగా లాగి, రెండు తీగలు మెలిపెట్టి, వంచి, చట్రంలో అమర్చి అతికిస్తారు. ఈ రెండు ఊళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు. వెండి గుణం ఒకటే కనుక చేతులు ఒకేలా కదిలాయి, అంతే.

ధూపం కూడా స్పెయిన్‌వాళ్ళు వెంట తెచ్చిన అలవాటు మాత్రమే కాదు. వాళ్ళు రాకముందే మెక్సికోలో, మాయా దేశంలో కోపాల్ అనే చెట్టు బంకను దేవుళ్ళ ముందు కాల్చేవారు. అటు 1565 నుంచి మనీలాకూ అకపుల్కోకూ మధ్య తిరిగిన ఓడలు ఆసియా సరుకును మెక్సికోకు చేర్చాయి. కాబట్టి ఆ వెండి గిన్నెలో మూడు ఖండాల పొగ కలిసే అవకాశం ఉంది. ఇంతవరకు వింటే ఇది అందమైన కథ. వెండి ఎక్కడిదని అడిగితే కథ మారుతుంది.

ఇప్పటి బొలీవియాలో, సముద్ర మట్టానికి 4,000 మీటర్ల ఎత్తున పొతోసి అనే ఊరుంది. దాని నెత్తిన ఎర్రటి కొండ ఉంది. ఆ కొండలో వెండి ఉందని 1545లో స్పెయిన్‌వాళ్ళకు తెలిసింది. గడ్డి తప్ప మొలవని ఆ చోటు రెండు తరాలు తిరిగేసరికి ప్రపంచంలోని పెద్ద పట్టణాల్లో ఒకటైంది. 1570లలో రాజప్రతినిధి ఫ్రాన్సిస్కో ద తొలేదో మీతా అనే వెట్టి పద్ధతిని అక్కడ స్థిరపరిచాడు. పదహారు జిల్లాల ఆదివాసుల్లో ఏటా ఏడుగురు మగవాళ్ళకు ఒకరు గనికి రావాలి. ఏటా సుమారు 13,000 మంది. చాలామంది భార్యాబిడ్డలతో, లామాల మీద తిండిగింజలు వేసుకుని వారాల తరబడి నడిచి వచ్చేవారు. కోకా ఆకు నములుతూ, తోలు నిచ్చెనల మీద ముడి రాళ్ళ మూట వీపున మోసుకుంటూ పైకి ఎక్కేవారు.

పైకి వచ్చిన రాయిని నీటి మరల్లో పొడి చేసి, ఉప్పు, పాదరసం కలిపి తొక్కేవారు. వెండిని పాదరసం పట్టుకుంటుంది. మట్టి కడిగేసి, మిగిలిన ముద్దను గుడ్డలో పిండి, కాల్చితే పాదరసం ఆవిరై వెండి మిగులుతుంది. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? పక్కనున్నవాడి ఊపిరితిత్తుల్లోకి. ఆ పాదరసమూ ఊరికే రాలేదు. అది పెరూలోని వాంకవెలికా గనిలోది. అక్కడా వెట్టే. అక్కడికి వెళ్ళడమంటే చావుకు వెళ్ళడమేనని జనం భయపడేవారు. ధూపపాత్రలో సుగంధం వేయడానికి చాలా ముందే ఆ వెండి ఒకసారి విషపు పొగ కక్కిందన్నమాట.

ఇదంతా అప్పట్లో ఎవరికీ పట్టలేదని అనుకోకండి. గ్వామన్ పోమా అనే ఆదివాసి 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజుకు వందల పేజీల ఉత్తరం రాశాడు. అందులో దాదాపు 400 బొమ్మలు తన చేత్తో గీశాడు. గనుల్లో జరిగే హింసను బొమ్మ కట్టి చూపించాడు. రాజు దాన్ని చదివిన దాఖలా లేదు. ఆ రాతప్రతి ఎలాగో డెన్మార్క్ చేరి, కోపెన్‌హాగెన్ రాజ గ్రంథాలయంలో చాలాకాలం పడుకుని, 1908లో పండితుల కంటపడింది. అదీ ఒక రకంగా మునిగి తేలిన వస్తువే.

ఇక ఓడ సంగతి. మునిగిన స్పానిష్ ఓడల్లో మనకు బాగా వివరాలు తెలిసినవాటిలో అటోచా ఒకటి. పూర్తి పేరు న్యుయెస్త్రా సెన్యోరా ద అటోచా. మాద్రిద్‌లో ఒక మేరీమాత గుడి పేరు మీద పెట్టారు. 1620లో హవానాలో కట్టారు. 1622లో అది ఓడల బారుకు వెనుక కాపలా. 20 కంచు ఫిరంగులు ఉన్నాయి కాబట్టి క్షేమమని విలువైన సరుకు చాలావరకు దాంట్లోకే ఎక్కించారు.

వెండి పొతోసి నుంచి లామాల మీద, కంచర గాడిదల మీద కొండలు దిగి పసిఫిక్ తీరం చేరింది. అక్కణ్ణుంచి ఓడలో పనామా. పనామా అడవుల్లో మళ్ళీ కంచర గాడిదలు. అట్లాంటిక్ వైపు పోర్తోబెలోలో ఓడ ఎక్కి, కార్తహేనా మీదుగా హవానా. దారిలో సరుకు లెక్క రాసి ఎక్కించడానికే రెండు నెలలు పట్టింది. తుపాన్ల కాలం వచ్చేసింది. అయినా ఆగడానికి వీల్లేదు. యూరప్‌లో 1618 నుంచి యుద్ధం నడుస్తోంది. డచ్చివాళ్ళతో ఉన్న పన్నెండేళ్ళ సంధి 1621లో ముగిసింది. సైనికులకు జీతాలివ్వాలి, అప్పులవాళ్ళు గుమ్మంలో ఉన్నారు. 1622 సెప్టెంబరు 4న 28 ఓడలు బయల్దేరాయి. మర్నాడు తుపాను పట్టుకుంది. 6న ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న దిబ్బల దగ్గర అటోచా మునిగిపోయింది. మొత్తం ఎనిమిది ఓడలు పోయాయి.

అటోచాలో 265 మంది ఉన్నారు. బతికింది ఐదుగురు. ముగ్గురు నావికులు, ఇద్దరు బానిసలు. నీళ్ళ మీదికి నిలిచి ఉన్న వెనుక తెరచాప కొయ్యను కరుచుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఓడలో ఏముందో పద్దు మాత్రం పక్కాగా ఉంది. 24 టన్నుల వెండి దిమ్మలు, 1,80,000 పెసోల వెండి నాణేలు, 582 రాగి దిమ్మలు, 125 బంగారు కడ్డీలూ బిళ్ళలూ, 350 పెట్టెల నీలిమందు, 525 బేళ్ళ పొగాకు. అన్నిటికీ చివర 1,200 పౌన్ల వెండి సామాను. అంటే పళ్ళాలు, చెంబులు, దీపస్తంభాలు వగైరా. మన ధూపపాత్రలాంటివాటికి ఆ పద్దులో దొరికే చోటు ఈ ఆఖరి వరుస. విడిగా పేరు లేదు, చేసినవాడి ఊరు లేదు. తూకం ఉంది.

ఇక్కడ మాస్టారు ఉంటే మమ్మల్ని ఆపి, మళ్ళీ చదవమనేవారు. ప్రతి వెండి దిమ్మ మీదా అంకె ఉంది. బరువు, మేలిమి, యజమాని గుర్తు, రాజుకు ఐదో వంతు పన్ను కట్టినట్టు ముద్ర ఉన్నాయి. వెండి ముద్దకు ఇంత చిరునామా ఉంది. ఆ వెండిని తవ్వినవాడికి లేదు. దాన్ని పాత్రగా మలిచిన కంసాలికి చాలాసార్లు లేదు. కొయ్య పట్టుకుని బతికిన ఆ ఇద్దరు బానిసలూ సరుకులాగా కొనబడి, అమ్ముడుపోయినవాళ్ళే.

మునిగిన ఓడ కోసం స్పెయిన్ వెంటనే వెతికింది. అటోచా 55 అడుగుల లోతున నిటారుగా కూర్చుంది, తలుపులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఈతగాళ్ళు లోపలికి పోలేకపోయారు. పనిముట్లు తెద్దామని వెళ్ళేలోపు అక్టోబరులో ఇంకో తుపాను వచ్చి ఓడను ముక్కలు చేసి చెదరగొట్టింది. దానితోపాటు మునిగిన సాంతా మార్గరీతాను 1626లో ఫ్రాన్సిస్కో నూన్యెస్ మెలియాన్ అనే అధికారి పట్టుకున్నాడు. పెద్ద కంచు గంటను నీళ్ళలోకి దింపితే గంట లోపల గాలి నిలుస్తుంది. ఈతగాళ్ళు మధ్యమధ్య అందులో తల పెట్టి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెతికేవారు. వాళ్ళు బానిసలు. ఓడను ముందుగా కనిపెట్టినవాడికి స్వేచ్ఛ ఇస్తానని మెలియాన్ ఆశ పెట్టాడు. హువాన్ బన్యోన్ అనే ఈతగాడు వెండి దిమ్మతో పైకి వచ్చాడు. ఈ కథలో వెండికి బదులుగా మనిషికి ఏదైనా దక్కిన ఘట్టం నాకు తెలిసి ఇదొక్కటే.

అటోచా మాత్రం 1985 దాకా దొరకలేదు. దాన్ని వెతికిన మెల్ ఫిషర్ సాహసగాడు, వ్యాపారి. మొదట చాలా ఏళ్ళు తప్పు చోట వెతికాడు. దారి చూపింది సముద్రం కాదు, కాగితం. యూజీన్ లయన్ అనే చరిత్రకారుడు స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఇండీస్ దస్తావేజుల భాండాగారంలో పురుగులు తొలిచిన కాగితాలు తిరగేస్తూ మెలియాన్ లెక్కల పద్దు చదివాడు. అందులో చెప్పిన దీవులు అందరూ అనుకుంటున్నవి కావని, మైళ్ళకు మైళ్ళు పడమట ఉన్న మార్కెసాస్ దీవులని తేల్చాడు. 1973లో అక్కడ దొరికిన వెండి దిమ్మల మీది అంకెలు, బరువు సెవిల్ పద్దులోని అంకెలతో సరిపోయాయి. ఆ వెతుకులాట ఖరీదు డబ్బొక్కటే కాదు. 1975 జూలైలో ఫిషర్ కొడుకు డర్క్ కంచు ఫిరంగులు కనిపెట్టిన వారానికే పడవ తిరగబడి, అతనూ అతని భార్యా ఇంకో ఈతగాడూ చనిపోయారు. సరిగ్గా పదేళ్ళకు, 1985 జూలై 20న, అసలు గుట్ట దొరికింది.

సముద్రంలో 363 ఏళ్ళున్న వెండి ఎలా ఉంటుంది? వెండిలా ఉండదు. మన ఇళ్ళలో వెండి చెంచాకు గుడ్డు తగిలితే నల్లబడుతుంది. గుడ్డులోని గంధకం చేసే పని అది. మనం విబూదితో తోమితే పోతుంది. సముద్రం అడుగున, ఇసుక కింద, గాలి చొరని చోట ఒక రకం సూక్ష్మజీవులు నీటిలోని లవణాల నుంచి గంధకాన్ని వదులుతాయి. అది వందల ఏళ్ళు వెండిని తింటుంది. పైన ఇసుక, గవ్వలు, సున్నం పేరుకుంటాయి. నాణేల పెట్టె ఉంటే చెక్క పోయి, నాణేలన్నీ పెట్టె ఆకారంలోనే ఒక్క నల్లటి బండగా అతుక్కుని మిగులుతాయి. పల్చటి పాత్ర ఒక్కోసారి పూర్తిగా గంధకపు పదార్థంగా మారిపోతుంది. ఆకారం ఉంటుంది, లోపల లోహం ఉండదు. గట్టిగా పట్టుకుంటే బిస్కెట్టులా విరిగిపోతుంది.

అందుకని పైకి తీసినదాన్ని ఎండలో పెట్టరు, నీళ్ళలోనే ఉంచుతారు. ఎక్స్‌రే తీసి లోపల ఎంత లోహం మిగిలిందో చూస్తారు. పైపెంకును చిన్న చిన్న పనిముట్లతో ఒలుస్తారు. లోహం మిగిలి ఉంటే పల్చటి కాస్టిక్ సోడా నీళ్ళలో వేలాడదీసి, కొద్దిపాటి కరెంటు రోజుల తరబడి పంపుతారు. నల్లటి పొర మెల్లగా వెనక్కి తిరిగి వెండి అవుతుంది. ఒక చెక్కుడు గీత, ఒక పువ్వు రేకు, మూత అంచు బయటపడతాయి. మూకుట్లో బూడిద తోస్తే నిప్పు కనిపించినట్టు. తొందరపడి ఆసిడ్‌లో ముంచినవాడికి మెరుపు దక్కుతుంది, గీతలు పోతాయి.

ఇప్పుడు ఈ సభలో నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. ఇలాంటి పాత్ర మునిగింది కనుక పోయిందని మనం అనుకుంటాం. నిజానికి మునిగింది కనుకనే మిగిలింది. నేల మీద వెండి సామానుకు ఆయుష్షు తక్కువ. దానికి శత్రువు తుప్పు కాదు, మూస.

ఫ్రాన్సు రాజు 14వ లూయీ వెర్సాయ్ కోటలో వెండి బల్లలు, వెండి కుర్చీలు, వెండి దీపస్తంభాలు చేయించుకున్నాడు. దేశదేశాల రాయబారులు చూసి నోరెళ్ళబెట్టారు. 1689లో యుద్ధానికి డబ్బు కావలసి వచ్చి అన్నిటినీ టంకశాలకు పంపి కరిగించాడు. కళ కంటే సైన్యం జీతం ముఖ్యమైంది. 1820లలో పెరూ స్వాతంత్ర్య యుద్ధంలో అటు రాజపక్షమూ ఇటు తిరుగుబాటుదార్లూ చర్చిల వెండి తీసుకుని కరిగించారు. ఎన్ని ధూపపాత్రలు నాణేలయ్యాయో చెప్పేవాళ్ళు లేరు. యుద్ధం లేకపోతే ఫ్యాషన్ ఉంది. కూతురికి కొత్త నమూనా కావాలి, పాతది కొలిమిలోకి పోతుంది.

ఈ కొలిమి మన ఊరి దాకా వచ్చింది. అమెరికా వెండి యూరప్‌లో ఆగలేదు. 17వ శతాబ్దం మొదట్లో బందరు గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. 1606కల్లా డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ కొఠీలు పెట్టారు. మన నేతగాళ్ళ బట్టలు వాళ్ళకు కావాలి. వాళ్ళ ఉన్ని మనకు అక్కర్లేదు. అందుకని స్పానిష్ వెండి రియాళ్ళు, బంగారం తెచ్చి బట్టలు కొన్నారు. అటు స్పెయిన్‌తో యుద్ధం చేస్తూ ఇటు స్పెయిన్ నాణెంతోనే డచ్చివాళ్ళు మన రేవులో బేరమాడారు. పొతోసి కొండలోని వెండి ఏదో ఒక రూపంలో పెడన వైపు మగ్గాలకు చేరలేదని ఎవరు చెప్పగలరు? చేరిందని చూపించడానికి మాత్రం వస్తువు లేదు. వచ్చిన నాణేలు కరిగి, ఇక్కడి ముద్ర వేసుకుని వేరే నాణేలయ్యాయి, కడియాలయ్యాయి. బందరుకోట దగ్గర డచ్చివాళ్ళ సమాధుల రాళ్ళ మీద వంశచిహ్నాలు ఇప్పటికీ ఉన్నాయి. మాస్టారు మమ్మల్ని అక్కడికి నడిపించుకుని తీసుకెళ్ళేవారు. రాయి మిగిలింది, వెండి మిగల్లేదు.

మొగలు రాజ్యంలో అయితే రేవులో దిగిన విదేశీ వెండి టంకశాలకు పోయి రూపాయిగా మారాలి. అలా మారిన రూపాయిలు కొన్ని మళ్ళీ సముద్రం పాలయ్యాయి. 1961లో శ్రీలంక దక్షిణ తీరాన గ్రేట్ బాసెస్ దిబ్బల దగ్గర రచయిత ఆర్థర్ సి. క్లార్క్ స్నేహితుడు మైక్ విల్సన్‌కు ఒక ఓడ శిథిలం కనిపించింది. అందులో ఔరంగజేబు కాలం వెండి రూపాయిలు సంచుల ఆకారంలోనే గడ్డకట్టి ఉన్నాయి. అన్నీ సూరత్ టంకశాలవే, అన్నిటి మీదా హిజ్రీ 1113 అనే ఒకే ఏడాది. అంటే 1701, 1702 ప్రాంతం. వాడకంలో పడి చేతులు మారక ముందే మునిగాయి. అందుకే ఏ ఊళ్ళో, ఏ ఏడు పుట్టాయో ఇవాళ మనకు తెలుసు. వాటి తోబుట్టువులు వడ్డీ వ్యాపారుల చేతుల్లో, కంసాలి మూసల్లో కరిగిపోయాయి.

ఇంత దూరం ఎందుకు, మా ఇంటి సంగతే చెబుతాను. మా నాయనమ్మ దగ్గర వెండి పన్నీరుబుడ్డి ఉండేది. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా, మూతికి చిల్లులు. అడుగున నాలుగు అక్షరాలు చెక్కి ఉండేవి. మాలో ఎవరమూ వాటిని కుదురుగా చదవలేదు. అక్క పెళ్ళికి వెండి కంచం పెట్టాల్సి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పాత వెండంతా మూటగట్టి దుకాణానికి తీసుకెళ్ళాం. నేనే సంచి మోశాను. త్రాసులో వేశారు. తరుగు ఇంత, మజూరీ ఇంత అని కాగితం మీద లెక్క రాశారు. ఆ కాగితం మీద పన్నీరుబుడ్డి అన్న మాటే లేదు. పాత వెండి ఇన్ని గ్రాములని ఉంది. అటోచా పద్దులో 1,200 పౌన్ల వెండి సామాను అన్న వరుస చదివినప్పుడల్లా నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది. ఎవరూ మమ్మల్ని మోసం చెయ్యలేదు. తూకం సరిగ్గానే ఉంది. మేమే చిరునామా చించేసి పారేశాం.

అలాగని మునిగిన ఓడలను తీసేవాళ్ళంతా పుణ్యాత్ములని కాదు. ఫిషర్ మనుషులు పడవ పంకా తోసే నీటిని పెద్ద గొట్టాలతో కిందికి మళ్ళించి ఇసుకలో గోతులు తవ్వేవారు. వస్తువులు వేగంగా దొరికాయి. ఏ పెట్టె పక్కన ఏది ఉందో చెప్పే ఇసుక చెదిరిపోయింది. పురాతత్వవేత్తలు ఇప్పటికీ ఆ పద్ధతిని క్షమించలేదు. సొత్తు ఎవరిదన్న దావా 1982లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, చివరికి అది ఫిషర్‌కే దక్కింది. 1988లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ చాలా వస్తువులను వేలం వేసింది. వేలంలో పోయిన వస్తువులు కరగవు, నిజమే. కానీ కలిసి మునిగినవి విడివిడిగా చెదిరిపోతాయి. కొలిమి చేసే పనిలో సగం వేలమూ చేస్తుంది.

అసలు ఇవి ఎవరివన్న తగువు ఇప్పుడు గట్టిగా నడుస్తోంది. 1804లో ఇంగ్లీషువాళ్ళు పేల్చేసిన మెర్సెదెస్ ఓడ నుంచి ఒక అమెరికన్ కంపెనీ 2007లో దాదాపు ఆరు లక్షల నాణేలు తీసింది. స్పెయిన్ కోర్టుకెళ్ళి గెలిచి 2012లో వాటిని తెచ్చుకుంది. వెండి మా కొండల్లోదని పెరూ చేసిన వాదన అమెరికా కోర్టుల్లో నిలవలేదు. 1708లో కార్తహేనా దగ్గర మునిగిన సాన్ హోసే శిథిలాన్ని 2015లో కొలంబియా కనిపెట్టింది. స్పెయిన్ మాదంది, కొలంబియా మాదంది. బొలీవియా నుంచి ఖారా ఖారా అనే ఆదివాసి జాతి కూడా గొంతు విప్పింది. తవ్వింది మా తాతలు కాబట్టి మాకూ వాటా ఉందన్నది వాళ్ళ మాట. యునెస్కో 2001 ఒప్పందం నీటి అడుగున ఉన్న వారసత్వంతో వ్యాపారం చేయొద్దంటుంది, వీలైతే ఉన్నచోటే ఉంచమంటుంది. కోర్టులు ఓడ ఎవరిదని అడుగుతున్నాయి. ఖారా ఖారావాళ్ళు వెండి ఎవరి చేతుల మీదుగా వచ్చిందని అడుగుతున్నారు. అది మా మాస్టారి ప్రశ్న. నా ఓటు దానికే. వాటా సంగతి ఎలా తేలినా, ఆ ధూపపాత్ర పక్కన మ్యూజియంలో పెట్టే చీటీ మీద పొతోసి పేరు, మీతా పేరు ఉండకపోతే ఆ చీటీ అబద్ధం చెప్పినట్టే.

ముగించే ముందు ఒక్క మనవి. మనలో ఎవరమూ ఓడలు వెతకబోం. కానీ ఈ సభలో ఉన్న చాలామంది ఇళ్ళలో బీరువాల్లో, అటకల మీద, పాత గుడ్డ మూటల్లో నల్లబడిన వెండి ఉంది. కుంకుమ భరిణె, గంధపు గిన్నె, హారతి పళ్ళెం, పన్నీరుబుడ్డి. అమ్మొద్దని, కరిగించొద్దని నేను చెప్పను. పెళ్ళిళ్ళుంటాయి, ఆసుపత్రులుంటాయి, అవసరాలుంటాయి. అమ్మే ముందు రెండు పనులు చెయ్యండి. ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయండి, అడుగున అక్షరాలుంటే వాటిని దగ్గర్నుంచి తీయండి. ఒక కాగితం మీద ఇది ఎవరిది, ఏ ఊళ్ళో చేయించారు, ఎవరి పెళ్ళికి వచ్చింది, దేనికి వాడేవారు అని తెలిసినంత రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను ఇవాళే అడగండి, రేపటికి వాళ్ళుండకపోవచ్చు. ఆ కాగితం ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి మీ ఊరి గ్రంథాలయానికో కాలేజీ చరిత్ర శాఖకో ఇవ్వండి.

మా నాయనమ్మ పన్నీరుబుడ్డి అడుగున ఏమి రాసి ఉందో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. మీ ఇంట్లో దాని మీద ఏముందో మీకింకా తెలుసుకునే వీలుంది. సెలవు.